జాలీ తలుపు స్ప్రింగు

నోలీన్ క్రాడక్ వంటింటి బల్ల మీద అలారం గడియారం పెట్టుకుని ఫిడేలు నేర్చుకుంది. పొద్దున ఏడున్నరకి కమాను చేతిలోకి తీసుకునేది. తొమ్మిదిన్నరకి గడియారం మోగేది. అప్పుడు టీ. పదికి మళ్ళీ మొదలు, పన్నెండుకి ఆపడం. గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టాల్లో ఆమె ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసిన వేళలే అవి. కొట్టంలో ఒక పూట అంటే రెండు గంటలు, రోజుకి నాలుగు పూటలు. ఇప్పుడు తనకి అరవయ్యారేళ్లు కాబట్టి రెండు పూటలు చాలనుకుంది.

జూన్‌లో మొదలుపెట్టింది. నవంబరులో కుడి మోచెయ్యి నొప్పి పుట్టింది. క్రిస్మస్ నాటికి అది భుజం దాకా పాకింది. జనవరి చివర్లో ఒకరోజు పొయ్యి మీంచి టీ కెటిల్ ఎత్తబోయి, మళ్ళీ అక్కడే దించేసింది. భర్త లెస్ పేపరు మీంచి తలెత్తాడు.

"ఏమైంది?"

"నిండుగా ఉంది."

"నేనేగా నీళ్లు పట్టింది. సగమే పట్టాను."

"అయితే నువ్వే ఎత్తు."

లెస్ లేచి కెటిల్ ఎత్తాడు. ఉన్ని బేళ్ల లారీ నడిపి రిటైరైన మనిషి. అడిగితే వచ్చే జవాబేమిటో అతనికి తెలుసు.

కొట్టాల్లో నొప్పి గురించి ఎవరూ చెప్పుకోరు. నడుము, మోకాలు, మణికట్టు, ఏదో ఒకటి అందరికీ ఉంటుంది. పూట ముగిసే గంట మోగేదాకా ఉన్ని కత్తిరించే మర కింద పెట్టకూడదు, అంతే. నోలీన్ ఫిడేలుకీ అదే నియమం పెట్టుకుంది. చెయ్యి మండుతున్నా గడియారం మోగేదాకా కమాను దించేది కాదు.

బూరబిన్‌లో తొమ్మిది వందల మంది ఉంటారు. ఫిడేలు నేర్పేవాళ్లు ఒక్కరూ లేరు. డెబ్భై కిలోమీటర్ల అవతలి హైస్కూల్లో సంగీతం చెప్పే పెటా వోస్ ప్రతి బుధవారం వచ్చి, లైబ్రరీ వెనక గదిలో ముగ్గురు పిల్లలకీ నోలీన్‌కీ పాఠం చెప్పేది. ఆమెకి ముప్పై ఒకటి. ఫిబ్రవరి మొదటి బుధవారం నోలీన్ రెండు వరుసలు వాయించగానే పెటా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"నొప్పి ఎప్పట్నుంచి?"

"ఏం నొప్పి?"

"నోలీన్, కమాను పైకి వెళ్లినప్పుడల్లా మీ ఎడమ కన్ను మూసుకుపోతోంది."

నోలీన్ కిటికీ వైపు చూసింది. "నవంబరు."

"రోజుకి ఎంతసేపు వాయిస్తున్నారు?"

"రెండు పూటలు."

"పూట అంటే పది నిమిషాలేనా?"

"పది నిమిషాలేంటి పిల్లా, రెండు గంటలు. రెండు రెళ్లు నాలుగు."

పెటా కుర్చీలో కూర్చుంది. "నాలుగు గంటలు! అంతసేపు ఎవరు వాయించమన్నారు?"

"ఎవరూ అనలేదు. అయినా ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది. వరుస మధ్యలో ఉండగా గడియారం మోగిందనుకో, ఆ వరుస పూర్తి చేస్తాను. గంట గొర్రెని వదిలెయ్యకూడదు కదా."

"అదేంటి?"

"గంట మోగే ముందు నువ్వు దొడ్లోంచి ఒక గొర్రెని లాగి కాళ్ల మధ్య పెట్టుకున్నావనుకో. ఆ గొర్రె నీది. గంట తర్వాత కూడా దాని ఉన్ని కత్తిరించొచ్చు, నీ లెక్కలోకే వస్తుంది. ఎంత పెద్ద కాంట్రాక్టరైనా దాన్ని కాదనడు."

పెటా ఆమె కుడిచేతిని పట్టుకుని కమాను మీద వేళ్లెలా ఉన్నాయో చూసింది. బొటనవేలు కర్రలోకి దిగిపోయి ఉంది. మణికట్టు బిగిసింది. చెయ్యి మొత్తం బరువుతో కమానుని తీగ మీద అదుముతోంది.

"మర ఇలాగే పట్టుకునేవారా?"

"ఇలాగే. మర చర్మానికి ఆనించి ఉంచాలి. ఏమాత్రం లేచినా ఉన్ని రెండు ముక్కలవుతుంది, కాంట్రాక్టరు తిడతాడు."

"ఇక్కడ తిట్టేవాళ్లు లేరు. తీగకి చర్మం లేదు, తెగే ఉన్నీ లేదు. మీరు ఎనిమిది నెలల నుంచి ఈ ఫిడేలు బొచ్చు కత్తిరిస్తున్నారు."

నోలీన్ నవ్వింది. నవ్వితే భుజం కలుక్కుమంది. కళ్లు మూసుకుంది.

"ఫిజియో దగ్గరికి వెళ్లండి. వెళ్లేదాకా నేను పాఠం చెప్పను," అంది పెటా.

ఆసుపత్రికి నెలకోసారి ఒక ఫిజియో వస్తుంది. ఆమె నోలీన్ చేతిని పైకెత్తింది, తిప్పింది, నొక్కింది. మోచేతి దగ్గర నరం వాచిందని, భుజంలో ఒకటి కొంత చిరిగి ఉందని చెప్పింది. చిరుగు పాతదట. ఉన్ని పనిలో వచ్చింది, ఫిడేలుతో బయటపడింది. మూడు నెలలు వాయించడం ఆపమంది. రెండు బీన్స్ టిన్నులు తీసుకుని రోజూ పొద్దున, సాయంత్రం ఎత్తి నెమ్మదిగా దించమంది.

"మూడు నెలల తర్వాత?"

"తర్వాత కూడా ఆలోచించుకోండి. ఈ వయసులో చేతులెత్తి పట్టుకునే వాయిద్యం కొత్తగా ఎందుకు? సంగీతం కావాలంటే పాడొచ్చు కదా."

"నువ్వు నా గొంతు వినలేదు," అంది నోలీన్. "నేను పాడితే గొర్రెలు దొడ్లోంచి దూకేవి."

టిన్నులు కొంది. మూడు నెలలు ఆగడం మాత్రం ఆమెకి కుదరదు. మార్చి రెండో ఆదివారానికి ఇంక ఐదు వారాలే ఉంది.

ఏటా ఆ ఆదివారం మధ్యాహ్నం బూరబిన్ హాల్లో డాన్సు జరుగుతుంది. వాయించేది ఊరి బ్యాండే. అకార్డియన్, గిటారు, డ్రమ్ము, ఫిడేలు. కిందటేడు ఫిడేలు వాయించే ఆయన చనిపోయాడు. అప్పట్నుంచి ఆ కుర్చీ ఖాళీ. బ్యాండు నడిపేది మెర్విన్ హాస్కెట్, అకార్డియన్ ఆయనదే. డెబ్భై ఏడేళ్లు. ఒకప్పుడు ఉన్ని కాంట్రాక్టరు.

కుర్చీ కావాలని నోలీన్ అడిగినప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు. మార్చి డాన్సులో మూడు వరుసలు, అంటే మూడు బాణీలు ఒకదాని వెంట ఒకటి, మొత్తం పన్నెండు నిమిషాలు, చెయ్యి దించకుండా వాయించాలి. డాన్సు చేసేవాళ్లు మధ్యలో ఆగలేరు కాబట్టి వాయించేవాళ్లూ ఆగకూడదు. వాయిస్తే కుర్చీ ఆమెది. లేకపోతే పక్క ఊరి నుంచి కీబోర్డు వాయించే అతన్ని పెట్టుకుంటాడు. కీబోర్డులో ఫిడేలు శబ్దం కూడా ఉంది. మీట నొక్కితే చాలు.

మెర్విన్‌ని ఆమె ఏదైనా అడగడం అది మొదటిసారి కాదు. ముప్పై నాలుగేళ్ల కిందట, ముప్పై రెండేళ్ల వయసులో, కత్తిరించే పని అడగడానికి ఆయన కొట్టానికి వెళ్లింది. చెక్క మెట్లెక్కుతుండగానే లోపలి నుంచి ఎవరో "చెరువులో బాతులు!" అని కేకేశారు. ఆడమనిషి వస్తోంది, నోళ్లు అదుపులో పెట్టుకోండని మగవాళ్లు ఒకళ్లకొకళ్లు చేసుకునే హెచ్చరిక అది. మరలు ఆగాయి. మెర్విన్ ఆమెని పైనుంచి కింద దాకా చూసి, వంటమనిషి కావాలి, చేస్తావా అని అడిగాడు. ఆమె చెయ్యనంది. వేరే కాంట్రాక్టరు దగ్గర నేర్చుకుంది. రెండేళ్ల తర్వాత మనుషులు చాలక మెర్విన్ ఆ కాంట్రాక్టరుని సాయమడిగాడు. వచ్చిన నలుగురిలో నోలీన్ ఒకతె. ఆ రోజు నూట ముప్పై ఒక్క గొర్రెల ఉన్ని తీసింది. మెర్విన్ ఆ అంకె పుస్తకంలో రాసుకున్నాడు.

పని ముగిసిన ప్రతి కొట్టంలోనూ ఆఖరి రోజు డాన్సు ఉండేది. ఎవరో ఒకరు ఫిడేలు తెచ్చేవారు. ఇరవై తొమ్మిదేళ్లూ నోలీన్ ఆ ఫిడేలు వింది. ఇరవై తొమ్మిదేళ్లూ ఎవరో ఒకరు వచ్చి, టీ సంగతి చూస్తావా అని ఆమెనే అడిగారు.

ఫిజియోని కలిశాక పన్నెండు రోజులు ఆమె ఫిడేలు ముట్టుకోలేదు. టిన్నులెత్తింది, దించింది. అలారం గడియారాన్ని బీరువాలో పెట్టింది. పదమూడో రోజు ఫిడేలు తీసి, కమాను ఎత్తి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. నాలుగో నిమిషంలో భుజం పట్టేసింది. కమాను దించి, ఫిడేలు పెట్టెలో పెట్టి, మూత వేసి, ఇంటి వెనక షెడ్డులోకి వెళ్లింది. అక్కడైతే గట్టిగా బూతులు తిట్టుకోవచ్చు.

షెడ్డులో గోడకి ఆమె పాత పట్టీ వేలాడుతోంది.

కత్తిరించేవాళ్లకి రోజంతా వంగే పని. నడుము పాడైనవాళ్లు వెడల్పాటి పట్టీ ఒకటి రొమ్ము కింద కట్టుకుంటారు. ఆ పట్టీ ఒక స్ప్రింగుకి, స్ప్రింగు దూలానికి వేలాడుతుంటాయి. ఒంటి బరువు సగం దూలం మోస్తుంది. ఆఖరి ఆరేళ్లు నోలీన్ ఆ పట్టీ మీద వాలే పనిచేసింది. మొదట్లో కుర్రాళ్లు ఉయ్యాల అని వెక్కిరించారు. తర్వాత వాళ్లూ కట్టుకున్నారు.

"లెస్!" అని అరిచింది. "నిచ్చెన పట్రా!"

పట్టీని మడిచి మోచేతికి కాస్త పైన కట్టుకుంది. లెస్ స్ప్రింగుని షెడ్డు దూలానికి తగిలించి, కిందకి లాగి పట్టీకి కలిపి వదిలాడు. నోలీన్ మోచెయ్యి ఒక్కసారిగా చెవి పక్కకి లేచిపోయింది.

"కోర్టులో చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నావా ఏంటి?" అన్నాడు లెస్.

"దింపు ముందు!"

మనిషి బరువు మోసే స్ప్రింగు చేతికి పనికిరాదు. కోళ్ల గూడు గేటుకున్నది తీసి చూశారు. అది చేతి బరువుకి సాగిపోయి వెనక్కి రాలేదు. పాత మంచంలోది పెడితే చెయ్యి పైకీ కిందకీ గెంతింది. మూడో రోజు మధ్యాహ్నం నోలీన్ వంటింటి జాలీ తలుపు తోసుకుని బయటికొచ్చింది. వెనకాల తలుపు తనంతట తను మూసుకుంది, చప్పుడు లేకుండా. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, తలుపు తెరిచి వదిలింది. మళ్ళీ మూసుకుంది. ఇంకోసారి తెరిచింది.

లోపల్నుంచి లెస్ గొంతు వినిపించింది. "వద్దు. నోలీన్, ఆ తలుపు జోలికి వెళ్లకు."

"స్క్రూడ్రైవరు ఎక్కడుంది?"

"ఇది ఫిబ్రవరి, నడి ఎండాకాలం! ఈగలన్నీ ఇంట్లోకొస్తాయి!"

"వస్తే రానీ. నువ్వు పెద్దగా పనేం చెయ్యట్లేదుగా, తోలుకో."

జాలీ తలుపు స్ప్రింగు సరిపోయింది. చెయ్యి వదిలేస్తే మోచెయ్యి రొమ్ము ఎత్తులో నిలబడింది. కిందకి లాగితే దిగింది, వదిలితే పైకొచ్చింది. జాలీ తలుపుకి లెస్ ఒక ఇటుక అడ్డం పెట్టాడు. ఆ వారమంతా వాళ్లు ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ భోంచేశారు.

బుధవారం పాఠానికి నోలీన్ వెళ్లలేదు. పెటానే ఇంటికి పిలిచింది. షెడ్డులో దూలానికి వేలాడుతున్న ఆమెని చూసి పెటా గుమ్మంలోనే నిలబడి నవ్వు మొదలుపెట్టింది. ఆపుకోలేక అక్కడున్న ఉన్ని గోతం మీద కూర్చుంది. తర్వాత దగ్గరికొచ్చింది. నోలీన్ మోచేతి కింద ఒక వేలు పెట్టి ఎత్తి చూసింది. బరువు లేదు. నవ్వు ఆపేసింది.

"ఇప్పుడు బొటనవేలు వదులు చెయ్యండి."

"కమాను పడిపోతుంది."

"పడదు. తీగ మీద ఉంది కదా, తీగే మోస్తుంది. చేతిని పట్టీ మోస్తుంది. మీరు మొయ్యాల్సిందేమీ లేదు. ఊరికే లాగండి."

నోలీన్ లాగింది. ఇన్ని నెలల్లో ఆ ఫిడేలు నుంచి అటువంటి శబ్దం రాలేదు. షెడ్డు బయట ముక్కుతో నేల తవ్వుకుంటున్న కుక్క తలెత్తింది.

"ఇంకోసారి," అంది పెటా.

ఏడు నిమిషాలు వాయించింది. ఎనిమిదో నిమిషంలో నొప్పి వచ్చింది. ఆమె ఆగలేదు. పెటా వచ్చి ఫిడేలు మెడ పట్టుకుని ఆపింది.

"అయిదు నిమిషాలు. రోజుకి నాలుగుసార్లు. అంతకంటే ఒక్క నిమిషం కూడా వద్దు."

"అయిదు నిమిషాల్లో రెండు గొర్రెలు కూడా అవ్వవు!"

"కొట్టంలో మొదటి రోజు ఎన్ని కత్తిరించారు?"

నోలీన్ మోచేతి పట్టీ సవరించుకుంది. "పదకొండు."

"రోజంతా?"

"రోజంతా. నవ్వారు అందరూ. ఆ పదకొండింటికీ గాట్లే."

"నూట ముప్పై తీశానని చెప్తుంటారుగా, అది ఎప్పటికయింది?"

"రెండేళ్లకి. సరే పిల్లా, తెలిసింది. నాకు బడి పాఠం చెప్పక్కర్లేదు. అయిదు."

నాలుగైదు రోజులకో నిమిషం పెంచుకుంటూ పోయింది. డాన్సుకి ముందు గురువారానికి ఎనిమిది నిమిషాలు వచ్చింది. నొప్పి పోలేదు. కెటిల్ మాత్రం ఎత్తగలుగుతోంది, సగం నీళ్లతో.

ఆ గురువారం సాయంత్రం హాల్లో బ్యాండు రిహార్సలు. నోలీన్ నిచ్చెనతో సహా వచ్చింది. లెస్ నిచ్చెనెక్కి, వేదిక మీద దూలానికి కొక్కెం బిగించి స్ప్రింగు తగిలిస్తుంటే మెర్విన్ అకార్డియన్ పెట్టె మూత తెరిచి చూస్తూ ఉన్నాడు.

"ఏంటిది?"

"పట్టీ. నువ్వు చూడందా?"

"కొట్టంలో చూశాను. ఇది హాలు. జనం మంచి బట్టలేసుకుని వస్తారు. నా బ్యాండులో మనిషి దూలానికి వేలాడుతుంటే ఏం బాగుంటుంది? తీసెయ్."

"తియ్యను."

"చూడు నోలీన్, నా మాట విను. నీ మీద నాకు కోపం లేదు. చెయ్యి బాలేకపోతే బాలేదని చెప్పు. ఇందులో సిగ్గుపడేదేముంది? అందరం ముసలాళ్లమే. వంటింట్లో టీ సంగతి చూసేవాళ్లు కూడా తక్కువయ్యారు."

నిచ్చెన మీద లెస్ చెయ్యి ఆగింది. గిటారు వాయించే ఆయన తీగలు సవరించడం మొదలుపెట్టాడు. సవరించాల్సిందేమీ లేదు.

నోలీన్ వేదిక దాటి మెర్విన్ దగ్గరికి వెళ్లింది. ఆయన అకార్డియన్ భుజాలకి తగిలించుకుంటున్నాడు. ఆమె దాని రెండు పట్టీల్లో ఒకదాన్ని వేలితో లాగి వదిలింది. తోలు ఆయన భుజానికి తగిలి చప్పుడైంది.

"ఇవేంటి మెర్వ్?"

"అకార్డియన్ పట్టీలు."

"తీసెయ్."

"తీస్తే ఎలా వాయిస్తాను? పదకొండు కిలోలుంటుంది!"

"నా చెయ్యి ఎన్ని కిలోలుంటుందో నీకు తెలుసా? నీ పట్టీలు తీసి, ఆ కుర్చీ కూడా తీసి, నిలబడి పన్నెండు నిమిషాలు వాయించు. అప్పుడు నాది తీస్తాను. చెయ్యి దించకూడదన్నావు. ఏం కట్టుకోకూడదని నువ్వు చెప్పలేదు."

డ్రమ్ము వాయించే ఆయన నవ్వి, దగ్గులోకి మార్చుకున్నాడు. మెర్విన్ భుజం సవరించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఆదివారం చూద్దాం," అన్నాడు.

ఆదివారం ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ. రెండింటికే హాలు నిండింది. గోడల వెంట కుర్చీల్లో పెద్దవాళ్లు, మధ్యలో జంటలు. నోలీన్ నీలం గౌను వేసుకుని వేదిక ఎక్కి, లెస్ పట్టీ కడుతుంటే నిలబడింది. ఎడమ గోడ దగ్గర కుర్చీలోంచి పెర్సీ డూలన్ చూశాడు. ఎనభై ఒక్కేళ్లు. ఆయన మెర్విన్ కొట్టంలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"చెరువులో బాతులు!"

హాలంతా నవ్వింది. మెట్లెక్కిన రోజు వినిపించిన గొంతు అదేనని నోలీన్‌కి అప్పుడు తెలిసింది.

"నోరు అదుపులో పెట్టుకో పెర్సీ," అంది మైకులోంచి. "నేనొచ్చి ముప్పై నాలుగేళ్లయింది."

ఆమె మూడు వరుసలు రెండున్నరకి మొదలవ్వాలి. మధ్యలో లాటరీ పెట్టారు. నంబరు పిలిస్తే గెలిచిన మనిషి బయట కారులో కునుకు తీస్తున్నాడు. ఆయన్ని లేపి తీసుకొచ్చేసరికి రెండూ నలభై తొమ్మిదైంది. మూడింటికి టీ గంట. ఆ గంటని ఎవరూ జరపరు. జరిపితే ఓవెన్లో కాల్చిన మాంసం పైలు చల్లారిపోతాయని వంటింటి ఆడవాళ్లు ఊరుకోరు. గంట మోగితే బ్యాండు ఆగుతుంది, జనం వరుస కడతారు. యాభై ఏళ్లుగా అంతే.

మెర్విన్ తలూపాడు. మొదటిది వాల్ట్జ్. మోచెయ్యి పట్టీలో నిలబడింది. బొటనవేలు వదులుగా ఉంచింది. జంటలు తిరిగారు. నాలుగు నిమిషాలు గడిచాయి, నొప్పి లేదు. రెండోది పోల్కా, వేగం ఎక్కువ. ఆరో నిమిషంలో వేడికి అరచెయ్యి చెమటపట్టి కమాను జారబోయింది. అలవాటు కొద్దీ బొటనవేలు కర్రలోకి దిగింది. వెంటనే మోచేతిలో సూది గుచ్చినట్టయింది. హాలు వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ పెటా తన బొటనవేలు పైకెత్తి ఆడించింది. నోలీన్ వేలు వదిలింది. కమాను పడలేదు.

ఎనిమిదో నిమిషం దాటింది. పట్టీతో అంతకు మించి ఆమె ఎప్పుడూ వాయించలేదు. నొప్పి మోచేతి నుంచి పైకి ఎక్కింది. తొమ్మిదో నిమిషానికి భుజంలో ఉంది. ఆమె చేతిని ఇంకాస్త పట్టీ మీదకి వదిలింది, ఆఖరి పూటల్లో ఒంటిని వదిలినట్టు. స్ప్రింగు కిర్రుమంది. పోల్కా ఇంకాస్త సాగదీయమని జంటలు అరిచారు. మెర్విన్ ఇంకోసారి తిప్పాడు. పదకొండో నిమిషం దగ్గర పడుతుండగా పోల్కా అయిపోయింది. జంటలు ఊపిరి తీసుకునేంతలోనే మూడోది మొదలైంది. నెమ్మది వాల్ట్జ్.

కమాను నాలుగుసార్లు లాగిందో లేదో, వంటింటి గుమ్మంలో గంట మోగింది.

మెర్విన్ చేతులు ఆగాయి. అకార్డియన్ మడత మూసుకుంది. గిటారు ఆగింది, డ్రమ్ము ఆగింది. జంటలు చేతులు వదిలారు.

"గంట," అన్నాడు మెర్విన్. "పదకొండే అయ్యాయి. రెండు వరుసలే."

నోలీన్ ఆగలేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది, రెండోది తెరిచే ఉంది. కమాను పైకి వెళ్లింది, కిందకి వచ్చింది. పెద్ద హాల్లో ఒక్క ఫిడేలు.

"నోలీన్. గంట మోగింది."

"విన్నాను," అంది వాయిస్తూనే. "గంటకి ముందే పట్టుకున్నాను దీన్ని."

మెర్విన్ ఆమె వైపు చూశాడు. హాల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు కొట్టాల్లో పనిచేసినవాళ్లే. ముందుగా అర్థమైంది పెర్సీ డూలన్‌కి. కర్ర నేలకేసి కొట్టాడు.

"గంట గొర్రె! మెర్వ్, అది గంట గొర్రె! పూర్తి చెయ్యనీ!"

"గంట గొర్రె!" అని ఇంకెవరో అందుకున్నారు. వేదిక దగ్గరున్న ఒక జంట మళ్ళీ చేతులు కలిపింది. తర్వాత ఇంకో జంట. వంటింటి గుమ్మంలో పైల పళ్లెం పట్టుకున్నావిడ పళ్లేన్ని తిరిగి లోపలికి తీసుకుపోయి ఓవెన్లో పెట్టింది.

మెర్విన్ ముప్పై ఐదేళ్లు కాంట్రాక్టరు. ఆ ముప్పై ఐదేళ్లలో ఒక్కరి గంట గొర్రెనీ కాదనలేదు. కాదన్న కాంట్రాక్టరు దగ్గర మర్నాడు మనుషులుండరు. వాల్ట్జ్ రెండో తిప్పు మొదలవుతుండగా ఆయన అకార్డియన్ మడత తెరిచాడు. గిటారు, డ్రమ్ము ఆయన వెనక వచ్చాయి.

ఆఖరి స్వరం దాకా వాయించి నోలీన్ కమాను ఎత్తింది. ఆ చెయ్యి మళ్ళీ దించడం ఆమె వల్ల కాలేదు. పట్టీలో అలాగే నిలబడి ఉంది. లెస్ వేదికెక్కి కమాను తీసుకున్నాడు, పట్టీ విప్పాడు, చేతిని తన అరచేతుల్లో పట్టుకుని కిందకి దించాడు. ఆమె పళ్ల సందుల్లోంచి ఒక మాట అంది. మైకు ఇంకా ఆపలేదు. హాలంతా వింది.

"చెరువులో బాతులు!" అని అరిచాడు పెర్సీ. "ఆడవాళ్లున్నారిక్కడ!"

టీ వరుసలో మెర్విన్ ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె కప్పు ఎడమ చేత్తో పట్టుకుంది.

"ఎంతసేపైంది?" అని లెస్‌ని అడిగాడు.

లెస్ కోటు జేబులోంచి అలారం గడియారం తీశాడు. "పద్నాలుగున్నర."

"గంట తర్వాత మూడున్నర."

"నీ కొట్టంలో లెక్కలోకి వచ్చేవి," అంది నోలీన్.

మెర్విన్ తన కప్పులో పంచదార వేసుకుని చాలాసేపు కలిపాడు. "గురువారం ఆరింటికి రిహార్సలు. ఆరు అంటే ఆరు. ఇంకో విషయం, ఆ నిచ్చెన ప్రతిసారీ ఈడ్చుకురాకు, నేలంతా గీతలు పడ్డాయి. కొక్కెం అక్కడే ఉండనీ."

"తీసే ఉద్దేశం నాకు లేదు."

"తెలుసు. ఉండమనే అంటున్నా."

మర్నాడు ఆమె చెయ్యి నడుము దాటి లేవలేదు. బుధవారానికి లేచింది. ఫిజియో వచ్చిన రోజు వెళ్లింది. వాయించాలా వద్దా అని అడగలేదు. పద్నాలుగు నిమిషాలు వాయించాను, ఇరవై కావాలి, దానికి ఏ సైజు టిన్నులు ఎత్తాలి అని అడిగింది. ఫిజియో చెప్పినవి కొనుక్కుని ఇంటికొచ్చింది.

లెస్ ఊళ్లోకి వెళ్లి జాలీ తలుపుకి కొత్త స్ప్రింగు కొనుక్కొచ్చాడు. బిగించడానికి స్క్రూడ్రైవరు తెచ్చేలోగా అది బల్ల మీద లేదు.

"నోలీన్!"

"పాతది ఎప్పుడు తెగుతుందో తెలీదు," అంది షెడ్డులోంచి. "ఒకటి దగ్గరుండాలి. నువ్వు ఇంకోటి తెచ్చుకో."

లెస్ ఇటుకని మళ్ళీ తలుపుకి అడ్డం పెట్టాడు. షెడ్డులో అయిదు నిమిషాలు మొదలయ్యాయి.